అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు: ఆగి తీరాలన్న పట్టింపు లేనివారికి కొన్ని సలహాలు

అన్నిటికంటే ముందు ఒక మాట. ఇప్పుడున్న బ్రేకులు ఎందుకు సరిగ్గా పడటం లేదో చూసుకోకండి. చూశారంటే డిస్కుల సరదా అక్కడితో సరి. డ్రమ్ము ఊడదీస్తే లోపల లైనింగ్ రివెట్ల దాకా అరిగి ఉంటుంది. వీల్ సిలిండర్ కారి షూల మీద బ్రేక్ ఆయిల్ జిడ్డు కట్టి ఉంటుంది. అడ్జస్టరు తుప్పు పట్టి ఏ కాలం నుంచో తిరగకుండా బిగుసుకుపోయి ఉంటుంది. కొత్త లైనింగ్ వేయించి, డ్రమ్ములు లేతు మీద తిప్పించి, రబ్బర్లు మార్చి, స్క్రూడ్రైవర్ పెట్టి నాలుగు చక్రాలూ అడ్జస్ట్ చేస్తే ఆ బండి బుద్ధిగా ఆగుతుంది. కానీ అందులో గొప్పేముంది? పాత కార్ల వాళ్ళు నలుగురు చాయ్ దగ్గర చేరినప్పుడు "నేను లైనింగ్ వేయించా" అని ఎవరైనా కాలర్ ఎగరేస్తారా?

మీది అంబాసిడరే అనుకుని రాస్తున్నాను. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్లోని ఉత్తరపారాలో 2014 మే దాకా తయారు చేసిన బండి. పద్మిని ఉన్నవాళ్ళు నొచ్చుకోనక్కర్లేదు. కుర్లాలో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, ప్రెసిడెంట్ అయి, చివరికి పద్మినిగా స్థిరపడిన ఆ చిన్నకారును పాడుచేయడానికీ ఇవే సలహాలు చక్కగా పనికొస్తాయి.

ఈ పనికి హైదరాబాద్‌లో ఎర్రగడ్డను మించిన చోటు లేదు. వస్తువు, పనివాడు, పరీక్ష, మూడూ దగ్గరే. వస్తువుకు ఆదివారం సంత ఉంది. పనివాడికి సనత్‌నగర్, ఆ పక్కన బాలానగర్ లేతు షాపులు ఉన్నాయి. ఒకప్పుడు ఆల్విన్ వాళ్ళు బస్సులకు బాడీలు కట్టిన వాడ అది, ఇనుముతో పని చేయడం అక్కడ ఎవరికీ కొత్త కాదు. పరీక్షకు భరత్‌నగర్ బ్రిడ్జి దిగుడు ఉంది. ఇక ఎర్రగడ్డలో ఉంటూ ఇలాంటి పని పెట్టుకుంటే చుట్టాలు ఏమంటారో మీకు తెలుసు. ఆ పాత జోకు నేను చెప్పను. అక్కడి మానసిక వైద్యశాలకు వచ్చేవాళ్ళు మనకంటే బుద్ధిమంతులు, ఇబ్బంది ఉందని ఒప్పుకుని వచ్చినవాళ్ళు.

సంతలో కొనడం

క్యాలిపర్ కొనేటప్పుడు చూడాల్సింది రంగు. ఎర్ర రంగు వేసినదైతే ఇంకేం చూడక్కర్లేదు. ఏ బండిదని అడగొద్దు. అడిగినా సంతలో వచ్చే జవాబు ఒకటే: "అన్నిటికీ పడ్తది సార్." మారుతి 800 క్యాలిపర్ అయితే ఇంకా మంచిది, చవకగా దొరుకుతుంది. 650 కిలోల బండిని ఆపడానికి పుట్టిన ఆ క్యాలిపర్‌ను దాదాపు 1100 కిలోల అంబాసిడర్‌కు వేసి, వెనక సీట్లో నలుగురు పెళ్ళివారిని కూర్చోబెట్టడంలోనే దాని సత్తా బయటపడుతుంది.

రెండు క్యాలిపర్లూ ఒకే వైపువి దొరికితే బేరమాడి తెచ్చేయండి. రెండూ ఎడమవే, అయితే ఏం? తిరగేస్తే కుడిది అవుతుంది. నిజంగానే బోల్టులు పడతాయి, డిస్కు మీద కూర్చుంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఒక్క చిన్న తేడా. గాలి తీసే నిపుల్ పైకి ఉండాల్సింది కిందికి వస్తుంది. గాలి ఆయిల్‌కు పైన చేరుతుంది, నిపుల్ కింద ఉంటుంది, కనుక మీరు ఎంత ఆయిల్ కారబోసినా ఆ గాలి క్యాలిపర్ నెత్తి మీద అలాగే ఉంటుంది. హెల్పర్ లోపల కూర్చుని పెడల్ కొట్టి పట్టుకుంటాడు, ఉస్తాద్ కింద పడుకుని నిపుల్ వదులుతాడు, సీసాలోకి స్వచ్ఛమైన ఆయిల్ వస్తుంది, ఒక్క బుడగ ఉండదు. "గాలంతా పోయింది సార్" అంటాడు ఉస్తాద్. ఆయన అబద్ధం ఆడలేదు, సీసాలో చూసింది చెప్పాడు. పెడల్ మాత్రం పరుపు మీద కాలు పెట్టినట్టు మెత్తగా కిందికి దిగుతూనే ఉంటుంది. ఆ దశలో రెండో డబ్బా ఆయిల్ తెప్పించండి. తర్వాత మూడోది. క్యాలిపర్ విప్పి, నిపుల్ పైకి వచ్చేలా చేత్తో పట్టుకుని గాలి తీస్తే అయిపోతుందని ఎవరైనా అంటే వాళ్ళను పని దగ్గరికి రానివ్వకండి.

బోల్టులు కూడా సంతలోనే, కుప్పలోంచి ఏరుకోండి. తల మీద 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటే అది బలం చెప్పే అంకె. ఏ అచ్చూ లేని నున్నటి తల ఇంకా అందంగా ఉంటుంది. దీనికోసం రాణిగంజ్ దాకా పోయి కొత్త బోల్టులు కొనేవాళ్ళు పిరికివాళ్ళు.

బ్రాకెట్టు, వెల్డింగు, వాషర్లు

అంబాసిడర్ స్టబ్ యాక్సిల్ మీద క్యాలిపర్ పెట్టడానికి చోటు ఉండదు, అది డ్రమ్ము వెనక ప్లేటు కోసం చేసింది. అంచేత మధ్యలో ఒక బ్రాకెట్టు కావాలి. ఇక్కడ కొందరు చాదస్తులు అట్టముక్క మీద కొలతలు తీసి, మందపాటి స్టీలు ప్లేటు కోయించి, బాలానగర్‌లో లేతు మీద రంధ్రాలు వేయించి, డిస్కు నడిమధ్యన క్యాలిపర్ కూర్చుందో లేదో డయల్ గేజి పెట్టి చూస్తారు. మీరు వెల్డింగు కొట్టించేయండి. స్టబ్ యాక్సిల్ సుత్తి దెబ్బల కింద రూపం దిద్దుకున్న ఉక్కు, రోడ్డు పక్కన ఆర్క్ వెల్డింగుతో కాల్చితే ఆ అతుకు పక్కనే పెళుసెక్కి పగుళ్ళు మొదలవుతాయి అంటారు. పగుళ్ళు లోపల ఉంటాయి కదా, పైన సిల్వర్ పెయింటు కొడితే కనపడవు.

ఆ బ్రాకెట్టు ఎంత బరువు మోస్తుందో లెక్క వేయకండి. వేస్తే ఇలా వస్తుంది: అంబాసిడర్‌ను గట్టిగా ఆపినప్పుడు బరువు ముందుకు తూగి, ఆపే పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. టైరు అంచు దగ్గర ఒక్కో చక్రానికి 300 కిలోల బలం అనుకుంటే, డిస్కు వ్యాసార్థం టైరు వ్యాసార్థంలో మూడో వంతే కాబట్టి, క్యాలిపర్ దగ్గరికి వచ్చేసరికి అది మూడింతలై టన్నుకు దగ్గరవుతుంది. ఆ టన్ను, ఏ అచ్చూ లేని ఆ రెండు బోల్టుల మీద. అందుకే పరీక్ష జాకీ మీదే చేయించండి. చక్రం గాల్లో ఉండగా ఉస్తాద్ చేత్తో గిర్రున తిప్పుతాడు, మీరు పెడల్ తొక్కుతారు, టక్కున ఆగుతుంది. "చూసిండ్రా సార్?" చూశాం. చేత్తో తిప్పిన చక్రాన్ని చేతితోనే పట్టుకుని ఆపవచ్చు, కానీ ఆ మాట అనడం మర్యాద కాదు.

తర్వాత రిమ్ము ఎక్కదు. క్యాలిపర్ లోపల తగులుతుంది. అంబాసిడర్ రిమ్ము 15 అంగుళాలు కాబట్టి కొంత చోటు ఉంటుంది, పద్మినిది 14, అక్కడ మరీ ఇరుకు. దీనికి మందు వాషర్లు. హబ్బుకూ రిమ్ముకూ మధ్య రెండేసి వాషర్లు పెట్టి చక్రాన్ని బయటికి జరపండి. నట్టుకు దొరికే మరలు మూడో నాలుగో మిగులుతాయి. చక్రం బయటికి వచ్చింది కనుక స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది, హోస్ పైపు టైరుకు రాసుకుంటుంది. రాసుకునే చప్పుడు వినపడకుండా పాటలు పెట్టుకోండి.

మాస్టర్ సిలిండర్ జోలికి పోవద్దు

ఇది అసలైన సలహా, జాగ్రత్తగా చదవండి. మొత్తం డిస్కు వ్యవహారంలో కంటికి కనపడేవి ముందు చక్రాల్లోని రెండు వస్తువులే. మిగతాది ఎవరికీ కనపడదు, కాబట్టి అక్కడ పైసా పెట్టకండి.

పాత అంబాసిడర్లలో మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ళ కింద, ఫ్లోరుకు అడుగున ఉంటుంది. మ్యాటు ఎత్తి, మూత తీసి ఆయిల్ పోయాలి. అది డ్రమ్ముల కోసం చేసినది. డ్రమ్ము వీల్ సిలిండర్లు చిన్నవి, కొంచెం ఆయిల్ తోస్తే చాలు షూలు తెరుచుకుంటాయి. క్యాలిపర్ పిస్టన్ పెద్దది, అది కదలాలంటే ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండరే ఉంచారనుకోండి, పెడల్ సగం దాటాకగానీ బ్రేకు పట్టదు. ఒకటి కొట్టి వదిలి మళ్ళీ కొట్టాలి. ఈ రెండు పంపుల పద్ధతి హైదరాబాద్ డ్రైవర్లకు బాగా అలవాటే. మొదటి పంపు దేవుడికి, రెండోది మనకు.

పోనీ పెద్ద బోరుది వేయిస్తే? 19 మిల్లీమీటర్ల బోరు తీసి 22ది వేస్తే, ఆయిల్ మూడో వంతు ఎక్కువ కదులుతుంది, పెడల్ పైనే ఆగుతుంది. కానీ అదే కాలితో తొక్కితే వచ్చే ఒత్తిడి నాలుగో వంతు తగ్గుతుంది. ఇటు పట్టుకుంటే అటు జారే లెక్క ఇది. దీన్ని సరిపెట్టడానికి కంపెనీల్లో మనుషులు జీతాలు తీసుకుంటారు. మీకెందుకు?

ఇంకో తిరకాసు కూడా ఉంది. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లో చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. కాలు తీసేసినా లైన్లో సుమారు 10 పౌండ్ల ఒత్తిడి నిలిపి ఉంచి, వీల్ సిలిండర్ రబ్బర్లు గోడకు అంటి ఉండేలా చూస్తుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే గట్టి స్ప్రింగులు ఉంటాయి కనుక ఆ ఒత్తిడి లెక్కలోకి రాదు. డిస్కులో స్ప్రింగులు లేవు. అదే వాల్వు ఉంచేస్తే ప్యాడ్లు డిస్కును వదలవు. ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట చేరేసరికి ముందు చక్రాల్లోంచి కాలిన వాసన వస్తుంది. మీరు రైతుబజార్ వైపు చూసి ఎవరో చెత్త తగలబెట్టారని అనుకోండి. పోనీ ఆ వాల్వు పూర్తిగా పీకేస్తే, సిలిండర్ ఫ్లోరు కింద ఉండి క్యాలిపర్ అంతకంటే ఎత్తులో ఉండటంతో, బండి నిలబెట్టినప్పుడు ఆయిల్ మెల్లగా వెనక్కి దిగిపోయి పొద్దున్నే మొదటి బ్రేకు ఖాళీగా పోతుంది. దీనికి 2 పౌండ్లు మాత్రమే పట్టి ఉంచే వాల్వు వేస్తారు. చూశారా, ఒక్క డిస్కు కోసం ఎన్ని పనులో. అందుకే జోలికి పోవద్దన్నాను.

బూస్టరు సంగతీ అంతే. పాత అంబాసిడర్ ముందు డ్రమ్ముల్లో రెండు షూలూ చక్రం తిరిగే దిశలోనే ఒరుసుకుని, ఆ తిరుగుడు బలంతోనే ఇంకా లోపలికి బిగుసుకుంటాయి. మీ కాలు సగం తొక్కితే మిగతా సగం చక్రమే తొక్కుతుంది. డిస్కు అలాంటి సాయం చేయదు. ఎంత తొక్కితే అంతే. దానికే కొత్త బండ్లలో బూస్టరు పెడతారు. మీరు పెట్టకండి, తొడలకు వ్యాయామం. పెట్టాలన్న కోరిక చావకపోతే, డీజిల్ అంబాసిడర్‌కు పెట్టి, వాక్యూమ్ పంపు మాత్రం పెట్టకండి. పెట్రోల్ ఇంజన్‌లా డీజిల్ ఇంజన్ బూస్టరుకు సరిపడా వాక్యూమ్ ఇవ్వదు కాబట్టి డీజిల్ కార్లకు విడిగా పంపు ఉంటుంది. అది లేని బూస్టరు బానెట్ కింద నల్లగా, గుండ్రంగా, హుందాగా కూర్చుంటుంది. పని చేయదు, అంతే.

ఆయిల్, వెనక చక్రాలు

బ్రేక్ ఆయిల్ డబ్బా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక అది 155కి దిగవచ్చు. గాలిలో తేమను అది తనంతట తానే పీల్చుకుంటుంది. కాబట్టి మూత వదులైన సగం డబ్బా, గ్యారేజీ కిటికీలో రెండు వానాకాలాలు చూసినది వెతికి పట్టుకోండి. అదీ లేకపోతే ఇంజన్ ఆయిల్ పోయండి. లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి మెత్తబడి, మొత్తం సామాను రెండోసారి కొనే భాగ్యం కలుగుతుంది.

వెనక డ్రమ్ముల గురించి ఆలోచించకండి. ముందు డిస్కులు వేశాం కదా, వెనకవి ఏడిస్తే ఏడవనీ. ఒకవైపు కారుతున్న వీల్ సిలిండర్‌ను అలాగే ఉంచితే ఆపినప్పుడల్లా బండి పక్కకు లాగుతుంది, డ్రైవింగ్‌లో కాస్త ఉత్సాహం ఉంటుంది. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను, ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. రెండు లైన్లున్న మాస్టర్ సిలిండర్ వేయిస్తే ముందువో వెనకవో మిగులుతాయట. ఆ మిగిలే భాగ్యం మనకు అక్కర్లేదు.

ఎవరైనా ప్రశ్నిస్తే

చరిత్ర చెప్పండి. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్స్ 24 గంటల రేసును డిస్కులున్న జాగ్వార్ సి-టైపు గెలిచింది. 1955లో సిట్రొయెన్ డి.ఎస్. వాటిని మామూలు కొనుగోలుదారుల దాకా తెచ్చింది. ఆ జాగ్వార్‌లో ఒత్తిడి అందించడానికి విడిగా పంపు ఉండేదన్న సంగతి మాత్రం చెప్పకండి, సంభాషణ మళ్ళీ బూస్టరు దగ్గరికి వస్తుంది. ఎదుటివాడు హైదరాబాదీ అయితే నిజాం పేరు ఎత్తండి. ఆరో నిజాం కోసం తయారైన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కాలంలో ఆ మోడల్‌కు ముందు చక్రాల బ్రేకులే లేవు. ఊరేగింపు బండికి అవి చాలు. మీకు మూసాపేట సిగ్నల్ ఉంది.

నిజానికి డిస్కులో మంచి లేదని కాదు. వానలో నీళ్ళు దాటాక డ్రమ్ము తడిసి కొంతసేపు పట్టదు, డిస్కు వెంటనే తేరుకుంటుంది. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు డ్రమ్ములు కాగి పట్టు తప్పుతాయి, డిస్కులు నిలబడతాయి. అందుకే చివరి తరం అంబాసిడర్లకు కంపెనీయే ముందు డిస్కులు పెట్టింది. అలాంటి బండి స్క్రాపుకు పోతుంటే స్టబ్ యాక్సిల్, హబ్బు, డిస్కు, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్, బూస్టరు మొత్తం జతగా తెచ్చి, తెలిసినవాడి చేత వేయించుకునే మనుషులున్నారు. వాళ్ళ బండి ఆగుతుంది. అయితే వాళ్ళ క్యాలిపర్ ఎర్రగా ఉండదు.

పరీక్ష

పని పూర్తయ్యాక పొద్దున తొమ్మిదిన్నరకు, ఆఫీసుల వేళ, బండిని 65వ నంబరు హైవే మీదికి తీయండి. మెట్రో స్తంభాల పక్కగా భరత్‌నగర్ బ్రిడ్జి ఎక్కి, దిగుడులో వేగం పెంచండి. డిస్కులు వేయించాక చేయాల్సిన మొదటి పని అదే. ఇన్నాళ్ళూ బ్రేకుల మీద నమ్మకం లేక 40లో పోయేవారు, ఇప్పుడు 60లో పోతారు. బ్రేకు పట్టాక 40 మీద 9 మీటర్లలో ఆగే బండికి 60 మీద 20 మీటర్లు కావాలి, ఎందుకంటే వేగం ఒకటిన్నర రెట్లు అయితే దూరం రెండింతలు దాటుతుంది. బ్రేకు కొట్టాలని మీకు తట్టే లోపు ఒక సెకను పోతే, అందులో ఇంకో 17 మీటర్లు వెళ్ళిపోతారు. మీ ముందున్న కొత్త కారుకు ఏబీఎస్ ఉంటుంది, 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు అది తప్పనిసరి. అది ఆగుతుంది.

టైర్లు మాత్రం మార్చకండి. ఎండకు పగుళ్ళు బారిన ఆ సన్నటి టైర్లు బండికి పాతకాలం కళ తెస్తాయి. చక్రాన్ని బిగించేది బ్రేకు, బండిని ఆపేది టైరు. గట్టిగా తొక్కితే డ్రమ్ము బ్రేకు కూడా ఆ టైరును బిగించేసి జారిపోయేలా చేయగలదు. అలాంటప్పుడు డిస్కుకు ఇంతా పెట్టి సాధించిందేమిటి అనిపిస్తే, క్యాలిపర్ రంగును ఇంకోసారి చూసుకోండి.

కాగితాలు

రిజిస్ట్రేషన్ కాగితంలో బ్రేకుల గురించి గడి లేదు, కాబట్టి ఎవరూ అడగరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి, కంపెనీ ఇచ్చిన రూపు మార్చొద్దని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు గురించి ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. యాభై ఏళ్ళు దాటిన బండి అయితే 2021 నాటి వింటేజి నిబంధన కింద 20 వేలు కట్టి వి.ఎ. అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా ఉండాలి. కాకపోతే దాంతో రోజూ ఆఫీసుకు పోవడానికి వీల్లేదు. మన బ్రేకులతో అది శిక్షో వరమో మీరే తేల్చుకోండి. ఇన్సూరెన్సు వాళ్ళకు డిస్కుల సంగతి చెప్పకండి. క్లెయిమ్ వేసిన రోజు సర్వేయరే వంగి చూసి తెలుసుకుంటాడు, వెల్డింగుతో సహా.

చివరిగా, మీ బామ్మర్ది పెళ్ళి ఊరేగింపుకు అంబాసిడర్ కావాలని అడుగుతాడు. ఇచ్చేయండి. పూలదండలు ముందు బానెట్‌కు కట్టించండి, చక్రాలకు అడ్డం రాకుండా, ఎర్ర క్యాలిపర్లు ఫోటోలో పడాలి. రెండు పంపులు కొట్టాలన్న సంగతి, పొద్దున్నే మొదటిది ఖాళీగా పోతుందన్న సంగతి చెప్పి శుభమా అని పెళ్ళివారి మనసు పాడుచేయకండి. తాళంచెవి చేతిలో పెట్టి, "కొత్త డిస్కులురా, కాలు ఆనిస్తే చాలు" అనండి.